గోడ ఎవరిది?



సింగరాయకొండ స్టేషను దగ్గర ఒక టీ కొట్టు గోడకు రాత్రివేళ ఎవరో ఒక కాగితం అంటించి పోయారనుకుందాం. అందులో ఒక ఇంటి ఆడపిల్లను గూర్చి చెడ్డ వ్రాతలు. తెల్లవారి కొట్టు తెరిచిన యజమాని తప్పు ఏమీ లేదు. కాని ఆ పిల్ల తండ్రి వచ్చి, "అయ్యా, దాన్ని తీసివేయండి" అని బ్రతిమాలినా అలాగే ఉంచితే? అప్పుడు ఊరు అతణ్ణి కూడా నిలదీస్తుంది.

నేడు ఆ గోడ మన సెల్‌ఫోనులో ఉంది. ఫేస్‌బుక్, యూట్యూబ్ వంటివి నడిపే కంపెనీలు, "వ్రాసినది మేము కాదు, చోటు ఇచ్చామంతే" అంటాయి. ఈ మాట ఎంతవరకు చెల్లుతుంది?

నాటి ఉమ్మడి రాష్ట్రంలోనే ఈ ప్రశ్న కోర్టుకెక్కింది. మనం ఇళ్లకూ కొట్టాలకూ వేసుకునే సిమెంటు రేకులు తయారుచేసే విశాక ఇండస్ట్రీస్, 2008లో గూగుల్ గ్రూప్స్‌లో వచ్చిన వ్రాతలు తమ పరువు తీశాయని సికిందరాబాదు కోర్టులో ఫిర్యాదు చేసింది. వ్రాసిన వ్యక్తితోపాటు గూగుల్ ఇండియాను కూడా నిందితులలో చేర్చింది. కేసు కొట్టివేయమన్న గూగుల్ కోరికను 2011లో హైకోర్టు, 2019 డిసెంబరు 10న సుప్రీంకోర్టు అంగీకరించలేదు. గూగుల్ దోషి అని కాదు. నాటి చట్టం అడ్డుపడదు గనుక విచారణ జరగాలన్నారు.

2009 అక్టోబరు 27 నుండి ఐటీ చట్టం 79వ సెక్షను మారింది. జాగ్రత్తలు పాటించే కంపెనీకి ఇతరుల వ్రాతలపై బాధ్యత ఉండదు. అయితే అవి చట్టవిరుద్ధమని తెలిశాక తీసివేయకపోతే ఆ రక్షణ పోతుంది. తెలియడమంటే కోర్టు ఉత్తర్వు గాని ప్రభుత్వ ఆదేశం గాని అందడమేనని 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏది తప్పో తేల్చే పెత్తనం కంపెనీలకు ఇస్తే న్యాయమైన విమర్శ కూడా మాయమవుతుందని కోర్టు భయం.

మరి పేద తండ్రి గతి ఏమిటి? 2021 నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీకి ఫిర్యాదులు తీసుకునే అధికారి ఉండాలి. నగ్న చిత్రాల విషయంలో కోర్టు ఉత్తర్వు అక్కరలేదు. బాధితురాలు గాని ఆమె తరఫున మరొకరు గాని ఫిర్యాదు చేస్తే చాలు, త్వరగా తీసివేయాలి. కనుక భయపడి దాచుకోవద్దు. తెరమీద కనిపించినదాన్ని ఫొటో తీసి ఉంచండి, కంపెనీకి ఫిర్యాదు చేయండి, పోలీసులకు తెలపండి.

గోడ యజమాని సంగతి చట్టం చూస్తుంది. ఆ కాగితం చదివి, నకలు తీసి, ఇంటింటికీ పంచేది మాత్రం మనమే. ఆ పని ఈరోజే మానవచ్చు.