గూళ్లున్న కొమ్మకు గొడ్డలా?

బడి చెట్టుపై కొంగలు గూళ్లు కడితే రెట్టలు, నీచు వాసన తప్పవు. తల్లిదండ్రుల ఫిర్యాదు సబబే. అయితే గుడ్లూ పక్షిపిల్లలూ ఉండగా కొమ్మలు కొట్టించడాన్ని మేం ఒప్పుకోం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ‘వేట’ అన్న మాటకు గూళ్లను చెదరగొట్టడం అనే అర్థమూ ఉంది.

మండ్య జిల్లా కొక్కరె బెళ్లూరులో (మన కొక్కెరే కన్నడంలో కొక్కరె) గూడబాతులు, కొంగలు ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే పిల్లల్ని పెంచుతాయి. చింతపండు రాబడి తగ్గినా ఊరివాళ్లు చెట్లు నిలిపారు. అటవీశాఖ కొంత పరిహారమిచ్చింది. రెట్ట ఎరువైంది. 2007లో ఊరు కమ్యూనిటీ రిజర్వు అయింది.

బడికి అంత త్యాగం అక్కర్లేదు. ఆ నెలల్లో ప్రార్థన, భోజనం మరోచోట పెట్టండి, నీళ్లతొట్టికి మూత వేయండి. కొమ్మలు తగ్గించాలంటే పక్షులు ఎగిరిపోయాక, అటవీశాఖను అడిగి చేయించండి.