ఆ మూడు మెట్లు: మన బడి పూర్వ విద్యార్థులకు విజ్ఞప్తి



తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె బడికి రాక ఇవాళ్టికి 41 రోజులు. వాకరు పట్టుకుని నడిచే పిల్ల. ఒంట్లో బాగాలేదేమో అనుకుని, రోజూ హాజరు పిలుస్తూ, ఆ పేరు దగ్గర ఆబ్సెంటు వేసి ముందుకు పోయాను. మొన్న శుక్రవారం వాళ్ళింటికి వెళ్తే తల్లి చెప్పింది: "పొద్దున లేస్తే మంచినీళ్ళు ముట్టదు సార్, బడిలో బాత్రూంకి పోవాల్సి వస్తుందని. మూత్రంలో మంట, జ్వరం. రెండుసార్లు ఆసుపత్రికి తిప్పాం. ఇంక చాల్లే అని మానిపించాం."

ఆ బాత్రూం ముందు మూడు మెట్లున్నాయి. పట్టుకోడానికి కమ్మీ లేదు. వాన పడితే పాచి.

నా సంగతి మీకు తెలుసు. మూడో ఏట జ్వరం వచ్చి పోలియోతో ఎడమకాలు పోయింది. ఇనప కమ్మీల కాలిపర్, తోలు పట్టీలు వేసుకుని ఇదే బడిలో చదివాను. వానాకాలం ఆ తోలు తడిసి కంపు కొట్టేది. పట్టీ ఒరుసుకున్న చోట మేజోడు పుండుకు అంటుకుపోతే సాయంత్రం మా అమ్మ గోరువెచ్చని నీళ్ళతో తడిపి తీసేది. కుంటోడా అన్నవాళ్ళున్నారు, భుజం తట్టి ధైర్యం చెప్పినవాళ్ళూ ఉన్నారు. పై తరగతికి వెళ్ళినవాళ్ళంతా మేడ మీదికి పోతుంటే మా సెక్షన్ ఒక్కటే అయిదేళ్ళూ కింది గదిలోనే ఉండేది. ఎందుకో నేను అడగలేదు. టీచరునై తిరిగొచ్చాక పాత అటెండరు చెప్పాడు: అప్పటి హెడ్మాస్టరుగారు ఏటా జూన్‌లో తానే గదులు మార్పించేవారట. నాతో ఒక్క మాట అనలేదు, ఏ సభలోనూ చెప్పుకోలేదు. నన్ను పదో తరగతి దాటించింది ఆ కింది గది.

మరి నేనేం చేశాను? స్టాఫ్ రూం పక్కన నాకోసం కమోడ్ పెట్టించుకున్నాను. తాళంచెవి నా జేబులోనే ఉంటుంది. ఆ శుక్రవారం దాన్ని తీసి తల్లి చేతిలో పెట్టబోయాను. "మాస్టర్లందరి ముందునుంచి పోవాలి కద సార్, ఆడపిల్ల" అంది. తలెత్తలేకపోయాను.

ప్రభుత్వం చేయాల్సిన పని కదా అంటారు. అవును. 40 శాతం, అంతకు పైబడి వైకల్యమున్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ దాకా దగ్గర్లోని బడిలో ఉచితంగా చదువుకునే హక్కును 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇచ్చింది. ఉన్న ప్రభుత్వ భవనాలను వాళ్ళకు అనువుగా మార్చడానికి, 2017లో నియమాలు వచ్చిన నాటి నుంచి అయిదేళ్ళు గడువు పెట్టింది. అదెప్పుడో దాటిపోయింది. అర్జీ పెట్టాను, పెడుతూనే ఉంటాను. ఈలోగా ఇంట్లో కూర్చున్న పిల్లకు 42వ రోజు వస్తుంది.

నిన్న బ్యాచ్‌ల వాళ్ళకు ఫోన్లు చేస్తే అందరూ "అయ్యో పాపం" అన్నారు. పాపం అనకండి, పనికి రండి. ఆత్మీయ సమ్మేళనాలకు ఫ్లెక్సీలు కట్టారు, శాలువాలు కప్పారు, గేటుకు ఆర్చి కట్టించారు. ఆ ఆర్చి కిందనుంచే ఆ పిల్ల దాహంతో వచ్చి దాహంతో వెళ్ళింది. పోలియో ఆదివారాల్లో నాతో బూత్‌లో కూర్చున్నవాళ్ళు మీలో ఎందరో ఉన్నారు. ఇంటింటికీ తిరిగి చుక్కలు వేసి ఆ జబ్బును తరిమాం. దేశంలో ఆఖరి సహజ పోలియో కేసు 2011 జనవరిలోది. అంత పని చేసిన ఊరికి మూడు మెట్లు బరువా?

లెక్క చెబుతాను. మెట్టు ఆరంగుళాలు, మూడూ కలిపి 18. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు వాలు ఉండాలి, అంటే 18 అడుగులు. వెడల్పు నాలుగడుగులు, రెండు పక్కలా కమ్మీలు. లోపల కమోడ్, దాని పక్క గోడకు ఒక కమ్మీ. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల పిల్ల పడిపోతే తలుపుకే అడ్డం పడుతుంది, లోపలికి తోసే తలుపైతే ఎవరూ తీయలేరు.

హెడ్మాస్టరుగారు ఒప్పుకున్నారు. ఇసుక ఒకరు తోలిస్తామన్నారు. సిమెంటు, కంకర, పైపులు కావాలి. ఇద్దరు తాపీమేస్త్రీలు, ఒక వెల్డరు కావాలి. డబ్బు నా చేతికివ్వొద్దు, సామాను కొని బడిలో దింపండి. ఆదివారం పొద్దున ఏడింటికి ముగ్గు పోసి ఉంచుతాను. ఆ పిల్లను చూడ్డానికి వాళ్ళింటికి ఎవరూ వెళ్ళొద్దు, ఫొటోలు అసలే వద్దు. మీ వీధిలో ఇలాగే బడి మానిన పిల్లలుంటే ఆ ఇళ్ళు నాకు చూపించండి, మండలంలో ఇలాంటి పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రం టీచర్లతో కలిసి నేనే వెళ్తాను.

పోసిన వాలుకు వారం రోజులు నీళ్ళు పట్టాలి. ఆ పని తొమ్మిదో తరగతి పిల్లలు తీసుకున్నారు. ఎవరి వంతు ఏ రోజో రాసి, నేను అడక్కముందే తరగతి గోడకు అంటించారు. శనివారం వంతు దగ్గర ఆ అమ్మాయి పేరు కూడా ఉంది.