ఇజబెల్లా కారు, బ్రెమెన్ ప్రభుత్వపు తొందరపాటు

యుద్ధానంతరము జర్మనీ మరల తలయెత్తిన వృత్తాంతమును ప్రస్తావించువారు వోక్స్‌వాగన్‌ను స్తుతింతురు, మెర్సిడెస్‌ను కొనియాడుదురు. కాని ఆ రెంటి నడుమ, మధ్యతరగతి గృహస్థు ఆలుబిడ్డలతో గౌరవముగా ప్రయాణింపదగిన ఇజబెల్లా కారును బ్రెమెన్ నగరమున నిర్మించిన కార్ల్ బోర్గ్‌వార్డును స్మరించువారు అరుదు. ఆయన సంస్థ అంతరించిన తీరు నేటి ప్రభుత్వములకును విచారణీయమని నా దృఢవిశ్వాసము.

యుద్ధకాలమున బోర్గ్‌వార్డు కర్మాగారములలో నిర్బంధ శ్రామికులచేత పని చేయించిరను కఠోరసత్యమును మఱుగుపఱుపరాదు. 1944లో బాంబుల పాలైన ఆ కర్మాగారమును బోర్గ్‌వార్డు పునరుద్ధరించి, 1949లో హాన్సా 1500ను, 1954లో ఇజబెల్లాను వెలువరించెను. వేఱుగా ఛాసీ లేక బాడీయే భారమునంతయు వహించుటయు, నాలుగు చక్రములకును స్వతంత్రమైన సస్పెన్షన్ ఉండుటయు, లీటరున్నర ఇంజను 60 హార్స్‌పవర్ నిచ్చుటయు ఆ కాలపు కుటుంబపు కారునకు సామాన్యగుణములు కావు. అందుచేతనే రెండు లక్షలకు పైగా ఇజబెల్లాలు తయారయ్యెను.

అట్టి సంస్థ 1961లో కూలుటకు యజమాని దోషములును కారణములే. బోర్గ్‌వార్డు, గోలియత్, లాయిడ్ అను మూడు సంస్థలను వేర్వేరుగా నడపుచు, రాబడికి మించిన నమూనాలను ఒకదానివెంట ఒకటి తలపెట్టెను. లాయిడ్ వారి అరబెల్లా కారు తొలినాళ్లలో వాననీరు లోనికి కాఱి అపకీర్తి తెచ్చెను. అమెరికాలో అమ్మకములు పడిపోయెను. ఐనను అవి చక్కదిద్దరాని దోషములు కావు. అప్పటికి చేతిలో రొక్కము కొఱవడినదే కాని, యంత్రములకును, పనివారి నైపుణ్యమునకును, ఇజబెల్లాకు గల పేరునకును కొఱత లేదు. బ్రెమెన్ ప్రభుత్వము ఈ భేదమును గుర్తింపక, ఆ ఫిబ్రవరిలో సంస్థను బోర్గ్‌వార్డు చేతినుండి తీసికొని, బి.ఎం.డబ్ల్యు. పర్యవేక్షక మండలిలోను పదవి గల యోహానెస్ జెమ్లరును దానికి పెద్దగా నియమించెను. జెమ్లరు ద్రోహము చేసెనని నేననను. కాని పోటీసంస్థ బాధ్యతను మోయువానికి ఈ బాధ్యతను గూడ అప్పగించుట ధర్మము కాదు. కొలది మాసములకే సంస్థ దివాలా తీసెను. వేలకొలది కార్మికులు పని కోల్పోయిరి. 1963లో బోర్గ్‌వార్డు మరణించెను. తుదకు ఆస్తులను విక్రయింపగా ఋణదాతల బాకీలన్నియు తీఱెను! అప్పులనన్నిటిని తీర్పజాలిన సంస్థను, తీర్పలేదను భయముతో మూయించిరన్నమాట.

ప్రజల సొమ్మును అపాత్రదానము చేయరాదనువారి మాట నాకును సమ్మతమే. ఐనను వేలాది కుటుంబములకు జీవనాధారమైన పరిశ్రమను మూయుటకు ముందు, దాని ఆస్తులను నిష్పక్షపాతులచేత వెలకట్టించుటయు, చక్కబడుటకు నియమితమైన గడువొసగుటయు, పోటీదారులతో సంబంధము గలవారిని దూరముగా నుంచుటయు ప్రభుత్వములకు విధాయకములు. తఱుగైన రొక్కమును ఋణము పూడ్పగలదు. చెదరిపోయిన నిపుణులను మరల కూర్చుట ఏ ఖజానాకును సాధ్యము కాదు.