ఇంజను దీపం వెలిగినప్పుడు

వృద్ధులను ఆదివారపు ఆరాధనకు ఎక్కించుకొని వెళ్లే కారులో ఇంజను బొమ్మ దీపం పసుపుపచ్చగా వెలిగిందంటే ఇంటిల్లిపాదికీ గుబులే. తాళం తిప్పగానే వెలిగి, స్టార్టు చేశాక ఆరిపోతే అది మామూలే. ఆరకుండా ఉన్నా బండి బాగానే నడుస్తుంటే, నిదానంగా మెకానిక్కు దగ్గరకు వెళ్లవచ్చును. ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం పక్కకు ఆపండి. సిలిండరులో మండని పెట్రోలు పొగగొట్టంలోనికి పోయి, పొగను శుద్ధిచేసే కన్వర్టరును కాల్చివేస్తుంది. అది చాలా ఖరీదు. ఎర్రని ఆయిలు దీపం వేరు. అది వెలిగితే ఇంజను వెంటనే ఆపవలసినదే.

మెకానిక్కును మొదట అడగవలసినది, "కోడ్ ఏమి వచ్చింది?" అని. స్టీరింగు క్రింది సాకెట్టుకు స్కానరు తగిలిస్తే తెలుస్తుంది. అమెరికాలో 1996 నుండి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేసిన పద్ధతి ఇది. అయితే కోడ్ చూపేది చోటు మాత్రమే. పి 0135 వస్తే ఆక్సిజన్ సెన్సారు హీటరు సర్క్యూటులో లోపమని అర్థం, సెన్సారే పోయిందని కాదు. ఫ్యూజు పోయి ఉండవచ్చును. గడ్డివాము పక్కన నిలిపిన బండిలో ఎలుకలు వైరు కొరికి ఉండవచ్చును. మన పల్లెల్లో మొదట దీనినే చూడమంటాము. వైరు అతికితే సరిపోయేదానికి కొత్త సెన్సారు ఎందుకు కొనాలి? సంఘపు బండి అయితే అది కానుకల సొమ్ము కదా!

కొందరు బ్యాటరీ వైరు తీసి దీపం ఆర్పుతారు. దానితో కోడ్ చెరిగిపోతుంది, లోపం మాత్రం అలాగే ఉంటుంది. ముందు కోడ్‌ను కాగితం మీద వ్రాయించుకొనండి.