‘రన్’ అను క్రియ

మన బాలురు పరుగెత్తుట యను నొక్క యర్థముతోనే నేర్చికొను ‘రన్’ అను ఆంగ్లక్రియ, ఆ భాషలో నది పాఱుటకును, ముక్కు కారుటకును, ఉతికిన వస్త్రమున రంగు దిగుటకును, అంగడి నడపుటకును సమానముగా చెల్లుచున్నది. అమెరికాలో అభ్యర్థి యెన్నికలయందు ‘రన్’ చేయును. బ్రిటనులోనో ‘స్టాండ్’ చేయును, అనగా మన తెలుగునాట వలెనే నిలుచును. 1989లో వెలువడిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు రెండవ కూర్పున అతిదీర్ఘ వివరణము ‘సెట్’ అను పదమునకు దక్కినను, తరువాతి సవరణలో ‘రన్’ క్రియకు 645 అర్థములు తేలి, దానిని మించిపోయెను. ఆవిరియంత్రములు, రైళ్లు, పిదప కంప్యూటరు ప్రోగ్రాములు నీ క్రియనే యాశ్రయించుటచే దాని పరిధి మిక్కిలి విస్తరిల్లినది.

ఇట్టి పదమునకు ఒక్క తెలుగు మాటను జతపఱచి కంఠస్థము చేయించు బోధనాపద్ధతి విద్యార్థికి అపకారమే యని నా దృఢవిశ్వాసము. ఏలయన, పరీక్షలో ఆ యర్థము నప్పజెప్పగల బాలుడే వార్తాపత్రికలోని సులభవాక్యమున తడబడుచున్నాడు. పెద్ద పదముల కంటె ఈ చిన్న క్రియలే యెక్కువ కష్టము. ఉపాధ్యాయులు పదపట్టికలను తగ్గించి, ఒక్కొక్క క్రియకు పది సజీవవాక్యములనైనను చదివింపవలెనని నా విన్నపము.