రక్త నమూనాలు తీసే సిబ్బందికి కనీస వేతనం ఇప్పించాలని వినతి

గౌరవనీయులైన తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి,

సూళ్ళూరుపేట రెవెన్యూ డివిజన్‌లోని పులికాట్ తీర మండలాల్లో ప్రైవేటు ల్యాబులు, కలెక్షన్ సెంటర్ల తరఫున రక్త నమూనాలు తీసే సిబ్బంది నమస్కరించి సమర్పించుకొను వినతిపత్రం.

విషయం: నైపుణ్యం గల పనివారుగా మమ్మల్ని గుర్తించి, అందుకు తగిన వేతనం, భద్రత కల్పించే విషయమై.

ఆర్యా,

మా పనికి ఫ్లెబాటమిస్టు అని పెద్ద పేరే ఉంది. ఊళ్ళో మాత్రం మేము "బ్లడ్డు తీసే అబ్బాయి", "ల్యాబు పాప". ఆ పిలుపుతో మాకు పేచీ లేదు. పేచీ అంతా జీతాల రిజిస్టరుతోనే. అందులో మాలో కొందరు హెల్పర్లు, కొందరు ఫీల్డ్ బాయ్‌లు. రెండేళ్ళు డి.ఎం.ఎల్.టి. చదివి, సర్టిఫికెట్టు తెచ్చి ల్యాబు గోడకు తగిలించిన మనిషి కూడా రిజిస్టరులో హెల్పరే. గోడ మీది కాగితం తనిఖీకి వచ్చేవాళ్ళ కోసం, రిజిస్టరులోని మాట జీతం ఇవ్వడం కోసం. మా కష్టమంతా ఆ ఒక్క మాట దగ్గరే ఉంది కాబట్టి, ముందు మా పనేమిటో విన్నవించుకుని తర్వాత లెక్కకు వస్తాం.

పరగడుపు పరీక్షల వాళ్ళు ఆరింటికే ఎదురుచూస్తుంటారు. మేము ఐదింటికే బండి తీయాలి. ఇరకం దీవిలో పిలుపు ఉంటే భీములవారిపాళెం రేవులో పడవెక్కాలి. షుగరు పరీక్షకు బూడిద రంగు మూత గొట్టం, రక్తకణాల లెక్కకు ఊదా రంగుది, రక్తం గడ్డకట్టే తీరు చూడ్డానికి నీలం మూతది. నీలం ముందు, బూడిద చివర. ఈ వరస తప్పిందంటే ఒక గొట్టంలోని మందు ఇంకోదాంట్లో కలిసి ఫలితం తారుమారవుతుంది. షుగరు నమూనాను మామూలు గొట్టంలో పోసి వదిలేస్తే గంటకు 5 నుంచి 7 శాతం చక్కెర దానంతటదే తరిగిపోతుంది. రక్తం కుదుపులకు లోనై ఎర్రకణాలు పగిలితే పొటాషియం లేనిపోని అంకె చూపిస్తుంది, డాక్టరు ఆ అంకెను నమ్మి మందు రాస్తారు. అందుకే పడవలో నమూనాల పెట్టెను పలక మీద పెట్టం. ఒళ్ళో తువాలు మడిచి, దాని మీద పెట్టుకుని కూర్చుంటాం.

ఎండకు, ఉప్పుగాలికి ముదిరిన చేతుల్లో నరం పట్టుకోవడం చదువుతో ఒక్కసారిగా వచ్చేది కాదు. బిగించిన పట్టీ నిమిషం దాటకూడదు, సూది రెండోసారి గుచ్చకూడదు, అవ్వ బెదరకూడదు. మా వాళ్ళలో ఒకరి హస్తవాసి మంచిదని, వేరేవాళ్ళు వస్తే చెయ్యి చాపనని మొండికేసే పెద్దవాళ్ళు ఈ ఊళ్ళలో ఉన్నారు. హస్తవాసికి రిజిస్టరులో గడి లేదు.

ఇక ఇంటి లెక్క. మాలో ఒకరిది, సూళ్ళూరుపేటలో భార్య, ఇద్దరు పిల్లలతో ఉంటున్న మనిషిది, ఉన్నదున్నట్టు తమ ముందుంచుతున్నాం. నెలకు చేతికొచ్చేది 12,000 రూపాయలు. రెండు గదుల ఇంటికి అద్దె 5,000. ఒక పక్క షార్ ఉద్యోగులు, మరో పక్క శ్రీసిటీ కంపెనీల్లో పనికి బయటినుంచి వచ్చినవాళ్ళు. అద్దెలు వాళ్ళ జీతాలను చూసి పెరుగుతాయి గాని మా జీతాలను చూసి ఆగవు. గ్యాసు 900, పాలు 900, కరెంటు 500, ఫోను 300, పిల్లల బడికి, ఆటోకు 1,500. పెట్రోలుకు యజమాని ఇచ్చేది పోగా చేతినుంచి పడేది 1,800. రేషను బియ్యం వస్తున్నాయి కనుక బియ్యం లెక్క వేయలేదు. కూడితే 10,900. మిగిలిన 1,100లోనే పప్పు, నూనె, కూరగాయలు, సబ్బు, బట్టలు, జబ్బు అన్నీ జరగాలి. నలుగురు మనుషులకు రోజుకు 37 రూపాయలు కూడా లేవు. మేము రోజూ ఊరంతటికీ తీసే షుగరు పరీక్ష మా ఇంట్లో ఒకరికి చేయించుకుందామన్నా ఆ డబ్బు చాలదు. సరస్సు ఒడ్డునే ఉన్నారు, చేపలైనా తినరా అంటారేమో! పులికాట్ రొయ్య మా కంటపడేది చెన్నై బండికి ఎక్కేటప్పుడే.

ఇది కడుపుమంటతో వేసిన లెక్క అనుకోవద్దు. కనీస వేతనాన్ని ఇంటి ఖర్చుతో కొలవాలని 1957లోనే 15వ భారత కార్మిక సదస్సు తీర్మానించింది. కుటుంబాన్ని మూడు వినియోగ యూనిట్లుగా లెక్కించి, యూనిట్‌కు 2,700 కేలరీల తిండి, ఇంటికి ఏడాదికి 72 గజాల గుడ్డ, అద్దె, వంటచెరకు, దీపం ఖర్చు కలపాలంది. పిల్లల చదువు, వైద్యం, పండుగలు, వృద్ధాప్యం కోసం మరో 25 శాతం చేర్చాలని రెప్టకోస్ బ్రెట్ కేసులో 1991లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. పై లెక్కలో ఆ 25 శాతం సంగతి అటుంచి, కూరకే చోటు లేదు.

రాష్ట్ర ప్రభుత్వమే తన అవుట్‌సోర్సింగ్ ఉద్యోగులకు 2022 జనవరి నుంచి మూడు వర్గాలుగా 15,000, 18,500, 21,500 రూపాయలు నిర్ణయించింది. అన్నిటికన్నా కింది వర్గంలోని ఆఫీసు సబార్డినేటుకు 15,000. ఆ సోదరులకు అది ఎక్కువని మేము అనడం లేదు, వాళ్ళకూ చాలదు. సూది పట్టే మనిషి జీతం అంతకన్నా తక్కువ ఉండటంలో న్యాయమేమిటన్నదే మా ప్రశ్న.

2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్, 2019 ప్రకారం పాత చట్టం షెడ్యూల్లో పని పేరున్నా లేకున్నా ప్రతి ఉద్యోగికీ కనీస వేతనం హక్కు. అదనపు గంటలకు రెట్టింపు ఇవ్వాలి. నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోగా అందాలి. జరిమానాలు వేతనంలో 3 శాతం దాటకూడదు. మాకు తెల్లవారుజామున మొదలైన పని రాత్రి రిపోర్టులు పంచేదాకా సాగినా అదనపు గంటన్న మాటే లేదు. నమూనా పాడైందని నగరంలోని పెద్ద ల్యాబు తిప్పి పంపితే, తప్పు ఎండదో, ఆలస్యంగా వచ్చిన బండిదో చూడకుండా ఆ ఖర్చు మా జీతంలోనే కోస్తారు.

సూదిపోటు సంగతి వేరుగా చెప్పుకోవాలి. టీకా వేసుకోనివాళ్ళకు హెపటైటిస్-బి రోగి సూది గుచ్చుకుంటే నూటికి 30 మంది దాకా ఆ జబ్బు సోకే ప్రమాదం ఉంది. అందుకే 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనలు సిబ్బందికి హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించే బాధ్యతను, ఏటా ఆరోగ్య పరీక్ష చేయించే బాధ్యతను యజమాని మీదే పెట్టాయి. మాలో ఒకరికి సూది గుచ్చుకుంటే "సబ్బుతో కడుక్కో, ఏం కాదులే" అన్నారు. ఆ మనిషి తన బండి మీదే ప్రభుత్వ ఆసుపత్రికి పోయి హెచ్.ఐ.వి. సోకకుండా వాడే 28 రోజుల మందు మొదలుపెట్టుకున్నారు. ఆసుపత్రికి తిరిగిన రెండు రోజులకు జీతం కోసేశారు.

కాబట్టి తమరు దయచేసి కార్మిక శాఖ, జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారులు కలిసి మా మండలాల్లోని ల్యాబులను, కలెక్షన్ సెంటర్లను తనిఖీ చేసేలా ఆదేశించాలి. ఆ తనిఖీలో గోడ మీది సర్టిఫికెట్లను, రిజిస్టరులోని హోదాలను పక్కపక్కన పెట్టి చూడాలి. రక్తం తీసే ప్రతి ఒక్కరినీ నైపుణ్యం గల వర్గంలో చేర్చి ఆ మేరకు వేతనం, పాత బకాయి ఇప్పించాలి. పే స్లిప్పు, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. అందేలా చూడాలి. తిరిగిన కిలోమీటర్ల లెక్కన పెట్రోలు ఖర్చు, పడవ చార్జీ యజమానే భరించేటట్టు చెప్పాలి. టీకాల విషయంలో మాత్రం ఒక్క నెల కూడా ఆగవద్దని మనవి, మిగతావన్నీ అయ్యేదాకా సూదులు ఆగవు.

ఈ కాగితం మీద సంతకాలు చేయడానికి మాలో కొందరు జంకారు, పేరు బయటపడితే పని పోతుందని. తనిఖీ జరిగేదాకా మా పేర్లను యజమానులకు తెలియనివ్వవద్దని తమరిని ప్రత్యేకంగా వేడుకుంటున్నాం.

ఇట్లు,
తమ విధేయులు,
పులికాట్ తీర మండలాల రక్త నమూనాల సేకరణ సిబ్బంది,
సూళ్ళూరుపేట.