వెనక సీటు మధ్యలో ఎవరు కూర్చుంటారు?

మా అమ్మకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. పాత చిన్న కారు ఎక్కాలంటే ముందు వెనక్కి తిరిగేది. ఒక చేత్తో డోరు పట్టుకుని, ఒంటి బరువంతా ఒక్కసారిగా సీటు మీదికి వదిలేసేది. దిగడం ఇంకా కష్టం. నేను రెండు చేతులూ పట్టుకుని లేపితే తప్ప లేవలేకపోయేది. వీధిలో నలుగురూ చూస్తుండగా అలా లేపించుకోవడం ఆమెకు నొప్పికన్నా పెద్ద బాధ. మెల్లగా పెళ్లిళ్లకు, పేరంటాలకు రావడం మానేసింది. పిలిస్తే ‘మీరు వెళ్లి రండిరా, నాకు ఓపిక లేదు’ అనేది. ఓపిక లేక కాదని నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

2021 సంక్రాంతికి ముందు మేం ఒక కాంపాక్ట్ ఎస్‌యూవీ కొన్నాం. అది ఇంటిముందు ఆగిన రోజు అమ్మ డోరు తీసి తనంతట తానే కూర్చుంది. సీటు సరిగ్గా ఆమె నడుము ఎత్తుకు ఉంది. కిందికి కుంగే పని లేదు, పైకి ఎగబాకే పని లేదు. ఇంట్లో కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని, రెండు కాళ్లూ లోపల పెట్టుకుని, ‘ఇది బాగుందిరా’ అంది. ఆ వేసవిలోనే తన చెల్లెల్ని చూడ్డానికి గుంటూరు ప్రయాణమైంది. ఈ బండ్ల గురించి ఎవరెన్ని గొప్పలు చెప్పినా నా లెక్కలో మొదటి గొప్ప ఇదే. మన ఇళ్లలో అరవై దాటినవాళ్లు ఎవరి సాయం లేకుండా ఎక్కి దిగగలుగుతున్నారు.

ఈ ఐదేళ్లలో ఆ బండి 86 వేల కిలోమీటర్లు తిరిగింది. మా బంధువుల్లో, ఆఫీసులో, మా వీధిలో ఇదే తరహా బండ్లు తక్కువలో తక్కువ డజను ఉంటాయి, అన్నీ ఒక కంపెనీవి కావు. కనిపించినవాళ్లనల్లా ‘బండి ఎలా ఉంది?’ అని అడగడం నాకు అలవాటైపోయింది. కొన్న నెలలో అడిగితే అందరిదీ ఒకే మాట: బ్రహ్మాండం. మూడో ఏట అడగాలి. మొదటి బ్యాటరీ పోయి, టైర్లు అరిగి, ఉచిత సర్వీసులు అయిపోయి, రెండు వానాకాలాలు గడిచాక చెప్పే మాటలు వేరుగా ఉంటాయి.

ఆ మాటల్లో సగానికి మూలం ఒక కొలబద్ద. 2006 కేంద్ర బడ్జెట్‌లో చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకం 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గింది. చిన్న కారు అనిపించుకోవాలంటే పొడవు 4 మీటర్లు దాటకూడదు. పెట్రోలు ఇంజన్ 1200 సీసీ, డీజిల్ ఇంజన్ 1500 సీసీ మించకూడదు. జీఎస్టీ వచ్చాక కూడా ఆ గీత చెరిగిపోలేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి గీతకు ఇవతలున్న కారుకు 18 శాతం, అవతలున్న దానికి 40 శాతం. జానెడు పొడవు పెరిగితే పన్ను రెట్టింపుకు పైన అవుతుంది. కాబట్టి ఎస్‌యూవీ ఎత్తు, వెడల్పు ఉన్న బండిని ఆ 4 మీటర్లలో ఇమడ్చాలి. ముందు భాగంలో ఇంజన్ ఉంది, మధ్యలో మనుషులున్నారు. కోత పడాల్సింది వెనకే. 2013లో ఎకోస్పోర్ట్, 2016లో విటారా బ్రెజా, 2017లో నెక్సాన్, 2019లో వెన్యూ, 2020లో మన పెనుకొండ ఫ్యాక్టరీ నుంచి సోనెట్ వచ్చాయి. అన్నింటి పొడవూ 3,995 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ, అంతే. వేర్వేరు దేశాల కంపెనీలు, వేర్వేరు ఇంజనీర్లు, చివరికి అందరి చేతా గీత గీయించింది మన పన్నుల శాఖే.

ఈ కొలతే ఇంజన్‌నూ తీర్చింది. 1200 సీసీ దాటకూడదు కాబట్టి వీటి పెట్రోలు ఇంజన్లలో చాలావాటికి మూడే సిలిండర్లు. ఓపెన్ రోడ్డు మీద హుషారుగా పోతాయి. సిగ్నల్ దగ్గర ఆగితే మాత్రం స్టీరింగ్‌లో, సీటు కింద సన్నటి వణుకు తెలుస్తుంది. నాలుగు సిలిండర్ల కారు నుంచి మారినవాళ్లు మొదటి నెలలో బండి పాడైందేమోనని కంగారుపడి సర్వీస్ సెంటర్‌కు వెళతారు. అది రోగం కాదు, ఆ ఇంజన్ స్వభావం. కొనకముందే ఎవరైనా చెబితే ఆ కంగారు తప్పేది.

వెనక సీటు గురించి ఇంకొంచెం చెప్పాలి. షోరూంలో వెనక కూర్చుని చూసేది ఎప్పుడూ ఒక్కరు, మహా అయితే ఇద్దరు. ఇంట్లో బయల్దేరేది ఐదుగురం. ఈ బండ్ల వెడల్పు 1.8 మీటర్లకు కాస్త అటూ ఇటూ. డోర్ల మందం తీసేస్తే ముగ్గురు పెద్దవాళ్ల భుజాలకు సరిపడా చోటు మిగలదు. మధ్యలో కూర్చున్నవాళ్ల పాదాల మధ్య దిమ్మె, మోకాళ్ల ముందు ఏసీ గాలి వచ్చే డబ్బా. ఒకసారి తిరుమల ఘాట్ ఎక్కుతూ అమ్మను మధ్యలో కూర్చోబెట్టాం. పిల్లలు కిటికీలు కావాలన్నారు, సరేనన్నాం. ప్రతి మలుపులోనూ ఆమె ఒకసారి ఈ మనవడి మీదికి, ఒకసారి ఆ మనవరాలి మీదికి ఒరిగిపోయింది. పట్టుకోడానికి హ్యాండిల్ పక్క సీట్లవాళ్లకే ఉంది. ఆ మధ్య సీటుకు బెల్టు కూడా భుజం మీదుగా వచ్చేది కాదు, నడుముకు మాత్రమే. పైకి చేరేసరికి ఆమె చేతులు వణుకుతున్నాయి. ఆ రోజు నేను చూసుకోలేదు. ఆ వణుకు ఇప్పటికీ నాకు గుర్తుంది.

నడుము బెల్టు ఛాతీని ఆపలేదు. చాలా ఇళ్లలో వెనకవాళ్లు ఆ బెల్టు కూడా పెట్టుకోరు. 2022 సెప్టెంబర్ 4న పాల్ఘర్ దగ్గర కారు ప్రమాదంలో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ చనిపోయినప్పుడు ఆయన కూర్చున్నది వెనక సీట్లో, బెల్టు లేకుండా. దేశమంతా ఓ పది రోజులు దాని గురించి మాట్లాడుకుంది. వెనక సీట్లో బెల్టు పెట్టుకోకపోయినా వెయ్యి రూపాయల జరిమానా ఉందని అప్పుడే చాలామందికి తెలిసింది. ఆ తర్వాత మళ్లీ బెల్టులు సీటు సందుల్లోకి వెళ్లిపోయాయి. మా వీధిలో ఒకాయన వెనక సీటుకు కవర్లు కుట్టించి బెల్టు బకిల్స్ కింద పడేశారు. నేను అడిగి వాటిని బయటికి తీయించాను. ఆయనకు కాస్త కోపం వచ్చింది. రానివ్వండి.

కార్ల భద్రతకు ఇచ్చే స్టార్ల సంగతి ఇక్కడే చెబుతాను. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశంలో బాగా అమ్ముడయ్యే ఐదు కార్లను మొదటిసారి గోడకు గుద్ది చూస్తే అన్నింటికీ సున్నా వచ్చింది. 2018 డిసెంబర్‌లో మన దగ్గర తయారైన కారు మొదటిసారి పెద్దవాళ్ల రక్షణలో ఐదు స్టార్లు తెచ్చుకుంది. అది నెక్సాన్, ఈ నాలుగు మీటర్ల తరగతి బండే. 2023 అక్టోబర్ నుంచి మన సొంత భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు మొదలయ్యాయి. ఇప్పుడు మైలేజీకన్నా ముందు ‘స్టార్లు ఎన్ని?’ అని అడిగే కుర్రాళ్లను చూస్తున్నాను. ఈ పదేళ్లలో మన కార్ల విషయంలో నాకు నిజంగా సంతోషం కలిగించిన మార్పు ఇది. అయితే ఆ పరీక్షలో కూర్చున్న బొమ్మలన్నింటికీ బెల్టు ఉంటుంది. బెల్టు లేకపోతే ఆ స్టార్లు మన ఇంటివాళ్లవి కావు.

మా బండి డీజిల్. నన్ను బాగా ఇబ్బందిపెట్టిన వ్యవహారం దాంతోనే వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 నిబంధన వచ్చాక డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టి ఉంచే జల్లెడ లాంటిది ఒకటి పెడుతున్నారు. డీపీఎఫ్ అంటారు. అది అవసరమే. మన పిల్లలు పీల్చే గాలి కోసం పెట్టింది. జల్లెడ నిండాక ఆ మసి కాలి బూడిద కావాలి. అందుకు దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడి రావాలంటే బండి కాసేపు ఆగకుండా, మంచి వేగంతో పోవాలి. నా ప్రయాణం రోజూ మల్కాజిగిరి నుంచి లక్డీకాపూల్. వెళ్లడం పన్నెండు కిలోమీటర్లు, రావడం పన్నెండు. గేరు మూడు దాటదు. ఎనిమిదో నెలలో డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది.

సర్వీస్ సెంటర్‌కు తీసుకెళితే అక్కడి కుర్రాడు బండిని చూడకముందే ‘సార్, సిటీలోనే తిప్పుతున్నారా?’ అని అడిగాడు. అంటే వాళ్లకు తెలుసు. రోజూ చూస్తున్నదే. మరి అమ్మేటప్పుడు నన్ను ఆ ఒక్క ప్రశ్న ఎందుకు అడగలేదు? రంగు అడిగారు, సన్‌రూఫ్ కావాలా అని అడిగారు, ఏ బ్యాంకు లోను అని అడిగారు. రోజుకు ఎన్ని కిలోమీటర్లు, ఎక్కడ తిప్పుతారు అని మాత్రం ఎవరూ అడగలేదు. ఒక్క మాట అడిగి ఉంటే నేను పెట్రోలు తీసుకునేవాణ్ని. లక్ష రూపాయలకు పైగా ఎక్కువ పెట్టి నా అవసరానికి సరిపడని ఇంజన్ కొన్నాను.

అప్పట్నుంచి నెలకు రెండు ఆదివారాలు ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శామీర్‌పేట దాకా వెళ్లి వస్తాను. నాలుగో గేరులో, ఇంజన్ తిరుగుడు రెండు వేలకు తగ్గకుండా, అరగంట. దీపం ఆరిపోతుంది. కొందరికి ఇంకో సంగతి తెలియదు. మసి కాలేటప్పుడు ఇంజన్ కాస్త డీజిల్ ఎక్కువ చిమ్ముతుంది. ఆ పని మధ్యలో బండి ఆపేస్తూ ఉంటే కాలని డీజిల్ కొంత జారి ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగి ఉంటుంది. పెరిగింది కదా మంచిదే అనుకోకూడదు. ఆయిల్ పలచబడితే ఇంజన్‌కు చేటు. పసుపు దీపం వెలిగాక ఇంటికి రెండు వీధుల దూరంలో ఉన్నా సరే, ఒక చుట్టు ఎక్కువ తిరిగి రండి.

అదే బండి హైవే మీద వేరే మనిషైపోతుంది. ఐదుగురం, డిక్కీ నిండా సామాను, ఏసీ వేసుకుని విజయవాడ వెళితే లీటరుకు 20 దాకా ఇస్తుంది. శ్రీశైలం ఘాట్‌లో గేరు మార్చకుండానే లాగుతుంది. వారానికి రెండుసార్లు కర్నూలు, అనంతపురం తిరిగే మా తమ్ముడికి ఇదే డీజిల్ బండి, 1 లక్షా 40 వేల కిలోమీటర్లు అయినా వాడు ఆ పసుపు దీపం మొహం చూడలేదు.

మైలేజీ అంకెల గురించి కొంచెమే చెబుతాను. కంపెనీ చెప్పే అంకె ప్రయోగశాలలో రోలర్ల మీద, ఏసీ వేయకుండా, గంటకు 90 కిలోమీటర్లు దాటకుండా కొలిచినది. మన ఎండల్లో, మన సిగ్నళ్లలో టర్బో పెట్రోలు బండ్లు లీటరుకు పది, పదకొండు ఇస్తున్నాయని మా ఆఫీసులో ముగ్గురు చెప్పారు. ఆటోమేటిక్ గేర్ల సంగతి కూడా అంతే. ఏఎంటీ తీసుకున్న పక్కింటి మాస్టారు ఒకటో గేరు నుంచి రెండుకు మారేటప్పుడు తల ఊగుతోందంటారు. డ్యూయల్ క్లచ్ తీసుకున్న కుర్రాడికి కూకట్‌పల్లి జామ్‌లో నలభై నిమిషాలు అంగుళం అంగుళం జరిగాక క్లచ్ వేడెక్కిందని తెర మీద హెచ్చరిక వచ్చింది. అలాంటి రద్దీలో బ్రేకు మీద కాలు తీస్తూ వేస్తూ బండిని పాకించకుండా, ముందు కాస్త ఖాళీ అయ్యాకే కదిలించడం మేలు.

ఎత్తుగా ఉంది కాబట్టి నీళ్లలో దిగొచ్చనుకోవడం మాత్రం ప్రమాదం. 200 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ అంటే జానెడు ఎత్తు, అంతే. స్పీడ్ బ్రేకర్లకు, పల్లెటూరి గతుకులకు అది వరం. వరదకు కాదు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు నీళ్లు విజయవాడ సింగ్ నగర్‌ను ముంచినప్పుడు మా బావమరిది బండి ఇంటిముందే రోజుల తరబడి మునిగి ఉంది. నీళ్లు తీశాక ఆత్రంగా స్టార్ట్ చేశాడు. సిలిండర్లలోకి చేరిన నీళ్లు నలగవు కదా, కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది. మునిగిన బండిని స్టార్ట్ చేయడం వల్ల జరిగిన నష్టానికి మామూలు పాలసీ డబ్బివ్వదు. విడిగా ఇంజన్ ప్రొటెక్షన్ తీసుకుని ఉండాలి. వాడు ఏటా రెండు మూడు వేలు మిగులుతాయని తీసుకోలేదు. తాళం చెవి తిప్పకుండా బండిని లారీ మీద ఎక్కించి పంపి ఉంటే ఇంజన్ దక్కేది. ముంపు వీధుల్లో ఉండేవాళ్లు ఈ ఒక్క విషయం ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి, కారు నడపనివాళ్లకు కూడా.

పోయిన నెల ఆఫీసులో కొత్తగా చేరిన అబ్బాయి వచ్చి, ‘సార్, ఫలానా బండి బుక్ చేద్దామనుకుంటున్నా, మీరేమంటారు?’ అని అడిగాడు. బండి గురించి నేనేమీ అనలేదు. రోజుకు ఎంత దూరం తిరుగుతావు, మీ వీధిలో వానొస్తే నీళ్లు నిలుస్తాయా, వెనక సీటు మధ్యలో ఎవరు కూర్చుంటారు అని అడిగాను. మొదటి రెండింటికీ టకటకా చెప్పాడు. మూడోదానికి కాసేపు ఆగి, ‘మా నాన్నమ్మ సార్’ అన్నాడు.

‘అయితే ఆవిడను షోరూంకి తీసుకెళ్లు’ అన్నాను.

ఆదివారం సాయంత్రం ఫోన్ చేశాడు. మూడు షోరూంలు తిప్పాడట. ఒక బండిలో ఆవిడకు సీటు మరీ ఎత్తైంది, ఒకదాంట్లో మధ్య సీటుకు భుజం బెల్టు లేదు. మూడోదాంట్లో ఆవిడ ఎక్కి, మధ్యలోకి జరిగి, బెల్టు పెట్టుకుని, ఇక దిగనంది. సేల్స్‌మన్ బతిమాలితే కాసేపు ఏసీ కూడా వేయించుకుందట.